ఇంటి గుట్టు ఎవరికి కాపలా?

ఉగాదికి ఈ బ్లాగులో వచ్చిన సెలవుల వ్యాసం చాలామందికి నచ్చింది. బీదర్‌లో, భాల్కిలో, హుమ్నాబాద్‌లో స్థిరపడిన మన ఇళ్ల పిల్లల్ని ఒకప్పుడు ఎండాకాలం రాగానే బస్సెక్కించి జహీరాబాద్ అవతల చుట్టాల ఇళ్లకు పంపేవాళ్లు. రెండు నెలలు తిరిగేసరికి వాళ్ల నోట తెలుగు గలగలా వచ్చేది. ఆ అలవాటు పోయింది కాబట్టే ఇప్పటి పిల్లలకు తెలుగు రావట్లేదు, మళ్లీ మొదలుపెడదాం అని ఆ వ్యాసం సారాంశం. ఈ ఏడాది ఏ పిల్లలు ఎవరింటికి పోవాలో పట్టీ కూడా తయారవుతోంది.

ఆ పట్టీని ఆపండి అని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

ముందు "మేము" ఎవరో చెప్పాలి. ఈ బ్లాగులో ఇన్నాళ్లూ మేము అంటే కుటుంబం. ముత్తాత వలస, అమ్మమ్మ పచ్చళ్లు, 1956లో బీదర్ జిల్లా ముక్కలైనప్పుడు జహీరాబాద్, నారాయణఖేడ్ అటు పోయి మనం ఇటు మిగిలిన కథ, అన్నీ ఆ మేము రాసినవే. ఈ వ్యాసంలో మేము వేరు. పదో తరగతి దాకా కన్నడ మీడియంలో చదివి, ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేసుకునే ముప్పైల్లోని ఒక మనిషిని మీరంతా ఒకే పేరుతో పిలుస్తారు. పిలవండి, పలుకుతాం. లోపల మాత్రం ఒకరం కాదు. డాక్టర్లు దీన్ని డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అంటారు, పొట్టిగా డి.ఐ.డి. అమెరికా సైకియాట్రీ సంఘం 1980లో తన గ్రంథంలో మల్టిపుల్ పర్సనాలిటీ అని రాసుకున్న జబ్బుకే 1994లో ఈ కొత్త పేరు పెట్టారు.

జబ్బు పేరు పెద్దదే కానీ సంగతి అర్థం కానిదేం కాదు. పసిపిల్లలకు "నేను" అనేది మొదటి నుంచే ఒకటిగా ఉండదు. ఆడుకునేటప్పటి నేను, ఆకలేసినప్పటి నేను, భయపడినప్పటి నేను ఏళ్ల మీద మెల్లగా కలిసి ఒకటవుతాయి. ఆ కలిసే వయసులో తప్పించుకోలేని హింస మళ్లీ మళ్లీ జరిగితే, అదీ నమ్ముకున్న మనిషి చేతిలో జరిగితే, ఆ కలవడం ఆగిపోతుంది. పొద్దున లేచి అందరితో కూర్చుని ఉప్మా తినాల్సిన బిడ్డకు రాత్రి సంగతి తెలియకూడదు. తెలిస్తే తినలేదు. రాత్రి సంగతి తెలిసిన బిడ్డ పగలు బయటికి రాకూడదు. వస్తే చెప్పేస్తుంది. అందుకని మనసు మధ్యలో గోడ కట్టుకుంటుంది. ఆ గోడే బిడ్డను బతికిస్తుంది. పెద్దయ్యాక అదే గోడ జబ్బవుతుంది. ఈ జబ్బును చూసే వైద్యుల్లో ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇది.

మా విషయంలో ఆ గోడకు భాష కూడా ఉంది. బడికి పోయినవాళ్లం కన్నడవాళ్లం. ఎక్కాలు, వచనాలు, పరీక్షలు, స్నేహితులు అంతా కన్నడ. పని చేసేవాళ్లం ఇంగ్లీషువాళ్లం. ఎండాకాలం ఆ ఇంట్లో జరిగింది మాత్రం తెలుగులో జరిగింది. "ఎవ్వరికీ చెప్పకు" అన్న మాట తెలుగులోనే విన్నాం. అందుకే మాలో ఆ సంగతి తెలిసినవాళ్లు తెలుగే మాట్లాడతారు, కన్నడవాళ్లకు ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. పరీక్షల్లో మంచి మార్కులు వచ్చాయి. అందరూ శభాష్ అన్నారు. సెలవుల తర్వాత తెలుగు కూడా బాగా వచ్చిందని మెచ్చుకున్నారు.

ఎవరు అని అడగకండి. చెప్పాల్సిన ఇద్దరికి చెప్పాం. ఇక్కడ పేరు రాయం, బంధుత్వం రాయం, ఊరు రాయం. ఈ వ్యాసం ఒక మనిషి మీద కాదు. అట్లాంటి మనిషికి పిల్లల్ని చేతికిచ్చి, తర్వాత కాపలా కూడా కాసే మన అలవాటు మీద.

సొంత నేలకు దూరంగా ఉన్న తెలుగు ఇళ్లలో ఆ అలవాటు ఇంకా గట్టిది. ఎందుకంటే మనం తక్కువమందిమి. పెళ్లిళ్లు ఆ కొద్ది ఇళ్లలోనే జరగాలి. పండక్కి పిలవాలన్నా, చావుకు రావాలన్నా ఆ కొద్దిమందే. సరిహద్దు అవతలి నుంచి వచ్చే చుట్టం ఉత్త చుట్టం కాదు. మన భాషకు, మన ఊరికి మిగిలిన తాడు. ఆయన పద్యం చదివితే ఇంటిల్లిపాదీ చేతులు కట్టుకుని వింటుంది. పిల్లల తెలుగు దిద్దితే గురువంటారు. ఇక ఆయన మీద ఒక బిడ్డ మాట చెప్తే? ఆ తాడు తెగుతుందని భయం. ఆ భయం ముందు బిడ్డ మాట నిలవదు. హైదరాబాద్‌లో ఉన్న కుటుంబానికి ఒక చుట్టం పోతే ఇంకో పదిమంది ఉంటారు. మనకు ఒక్కరు పోతే ఒక ఊరే పోయినట్టు ఉంటుంది. కాబట్టి మన దగ్గర పెద్దమనిషికి దొరికే రక్షణ రెండింతలు, పిల్లలకు దొరికేది సగం.

"మనవాళ్లలో ఇట్లాంటివి ఉండవు" అంటారు. ఉంటాయి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో చేసిన సర్వే నివేదిక అందరికీ అందుబాటులో ఉంది. 12,447 మంది పిల్లల్ని అడిగారు. ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందని చెప్పినవాళ్లు 53.22 శాతం. చేసినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, వాళ్లు నమ్మినవాళ్లు. ఎక్కువమంది పిల్లలు ఎవరికీ చెప్పలేదు. లైంగిక వేధింపు అత్యధికంగా నమోదైన నాలుగు రాష్ట్రాల్లో అస్సాం, బీహార్, ఢిల్లీతో పాటు అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంటే సెలవులకు మన పిల్లల్ని పంపిన నేల. మగపిల్లలకు జరగదు అనుకునేవాళ్లు కూడా ఆ నివేదిక చూడాలి. బాధితుల్లో మగపిల్లలు సగం కంటే ఎక్కువే.

"ఆయన మాకు తెలుసు, అట్లాంటివాడు కాదు" అన్నది రెండో మాట. మా ఉద్యోగంలో దీనికి అచ్చంగా ఇట్లాంటి మాటే ఉంది. మేము తప్పు పట్టి పంపిస్తే డెవలపర్ తిప్పి పంపిస్తాడు: "నా మెషీన్‌లో బాగానే పనిచేస్తోంది." నీ మెషీన్‌లో పనిచేస్తుంది, ఒప్పుకుంటాం. వాడేవాళ్లది నీ మెషీన్ కాదు కదా. ఆయన మీ ముందు మంచివాడే, పెద్దవాళ్ల ముందు మంచిగా ఉండడం ఆయనకు అవసరం. తలుపు మూసిన గదిలో పదేళ్ల బిడ్డ ముందు ఎట్లా ఉన్నాడో చెప్పగలిగింది ఆ బిడ్డ ఒక్కతే, లేదా ఒక్కడే. మీ సాక్ష్యం ఆ గదికి చెల్లదు.

మూడో మాట: "దయ్యం పట్టింది, గాలి సోకింది." మాకూ ఇది జరిగింది. ఒక్కసారిగా గొంతు మారి, చిన్నపిల్లల తెలుగులో ఏడుస్తూ మాట్లాడితే తాయెత్తు కట్టించారు, నిమ్మకాయలు తిప్పారు. మన సమాజానికి ఒంటి మీదికి రావడం కొత్త కాదు. జాతరలో పూనకం వస్తుంది, పోతురాజు ఊగుతాడు, దేవత పలుకుతుంది. దాన్ని మేము తక్కువ చేయడం లేదు. ఆ పూనకానికి వేళ ఉంది, చోటు ఉంది, ఊరంతా తోడు ఉంది. అయిపోయాక మనిషి మళ్లీ మామూలుగా ఇంటికి పోతాడు. పిలవకుండా వచ్చి, రోజులు మింగేసి, ఉద్యోగం పోగొట్టి, చేతుల మీద గాట్లు పెట్టేది వేరు. వైద్యులు ఈ తేడాను పట్టించుకున్నారు. 1989లోనే మన దేశపు వైద్యులు అమెరికన్ సైకియాట్రీ పత్రికలో రాశారు: మన దగ్గర మల్టిపుల్ పర్సనాలిటీ అని నమోదయ్యేవి చాలా తక్కువ, పూనినట్టు వచ్చేవాళ్లే ఎక్కువ అని. 2013 నాటి అమెరికా గ్రంథం, కొన్ని సమాజాల్లో ఈ జబ్బు పూనకంలాగే కనిపించవచ్చని నిర్వచనంలోనే చేర్చింది. గాయం ఒకటే, ఊరిని బట్టి బట్టలు మారతాయి. కానీ "ఎవరు పట్టారు" అని అడిగే మంత్రగాడు "ఎవరు ముట్టారు" అని ఎప్పుడూ అడగడు. మా అభ్యంతరం అక్కడే.

కొట్టి వదిలించే చోట్లయితే మరీ ప్రమాదం. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు మంటల్లో కాలిపోయారు. 28 మంది. గొలుసులు తెంపుకోలేక పోయారు. కర్ణాటకలో మూఢాచారాల నిషేధ చట్టం 2017లో వచ్చింది, 2020 నుంచి అమల్లో ఉంది. దయ్యం వదిలిస్తామని మనిషిని కట్టేసి కొట్టడం ఇప్పుడు మన జిల్లాలో నేరం.

నాలుగో మాట సినిమా నుంచి వస్తుంది. 2004లో ఆప్తమిత్ర విడుదలైనప్పుడు మేము హైస్కూల్లో ఉన్నాం. కన్నడ సినిమా అది. అందులో సౌందర్య మంచి కోడలిగా ఉన్నంతసేపు కన్నడ మాట్లాడుతుంది, నాగవల్లి అయినప్పుడు తెలుగులో పాడుతుంది. ఆ ఏప్రిల్‌లోనే సౌందర్య విమాన ప్రమాదంలో పోయింది. కన్నడ నేల మీద పుట్టి తెలుగువాళ్ల ఇంటి అమ్మాయిగా పేరు తెచ్చుకున్న మనిషి. ఆమె చివరి సినిమాల్లో ఒకటని బీదర్ జనం విరగబడి చూశారు. తర్వాత కొన్నాళ్లు క్లాసులో తెలుగు ఇళ్ల పిల్లలం అందరం నాగవల్లులమే. మరుసటేడు అపరిచితుడు వచ్చింది. అందులో లోపలి మనిషి జనాన్ని చంపుతాడు. ఈ సినిమాలన్నీ చెప్పే పాఠం రెండే. ఒకటి, ఇట్లాంటివాళ్లు హంతకులు. రెండు, ఒక రాత్రి ఒక నాటకం ఆడితే నయమైపోతుంది. రెండూ అబద్ధం. మాలాంటివాళ్లు ఇతరులకు చేసే హాని కంటే తమకు తాము చేసుకునేది చాలా ఎక్కువ. నయం కావడానికి ఏళ్లు పడుతుంది.

"సినిమా చూసి నటిస్తున్నారు" అనేవాళ్లకు కూడా ఒక జవాబు ఉంది. సిమోన్ రైండర్స్ బృందం 2012లో ఒక పరిశోధన అచ్చేసింది. డి.ఐ.డి. ఉన్నవాళ్లను, అట్లా నటించమని నేర్పినవాళ్లను పక్కపక్కన పెట్టి మెదడులో రక్తప్రసరణ, గుండె కొట్టుకునే తీరు కొలిచారు. నటించినవాళ్లు ఆ తేడాలను తెప్పించలేకపోయారు. ఈ జబ్బు మీద వైద్యుల్లో వాదాలు ఇంకా ఉన్నాయి, ఉండనివ్వండి. వాదం తేలేదాకా బిడ్డ గురించి అడగకూడదని ఏ వైద్యుడూ చెప్పలేదు.

ఇక అన్నింటికంటే తియ్యగా చెప్పే మాట: "జరిగిందేదో జరిగింది, మర్చిపో నాయనా." మర్చిపోవడం మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అందులో మేము ఉద్దండులం. మర్చిపోవడం వల్లే బతికాం, మర్చిపోవడమే జబ్బయింది. మధ్యాహ్నం రెండింటికి టెస్ట్ కేసులు రాయడం మొదలుపెట్టి, కళ్లు తెరిచేసరికి సాయంత్రం అయ్యి, వంటింట్లో గ్యాస్ మీద మాడిన గిన్నె, స్క్రీన్ మీద మాకు గుర్తులేని మెయిల్. ఇట్లాంటి రోజులు లెక్కలేనన్ని. మర్చిపో అనడం అంటే నీళ్లలో మునిగేవాడికి నీళ్లు తాగమని చెప్పడం. పెళ్లి చేస్తే సర్దుకుంటుంది అన్న సలహా కూడా దీని చెల్లెలే. సర్దుకోదు. ఇంకో ఇంటి మనిషి కూడా అందులో పడతారు, అంతే.

మరి ఏం పనిచేసింది? రాత.

ఇది గొప్ప కోసం చెప్పట్లేదు, పద్ధతిగా చెప్తాం. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ అనే ఇద్దరు అమెరికాలో కాలేజీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, జీవితంలో అన్నిటికంటే బాధపెట్టిన సంగతి రాయమన్నారు. రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. కానీ తర్వాతి నెలల్లో, జరిగింది మాత్రమే కాకుండా దాని మీద తమ మనసులో ఉన్నది కూడా కలిపి రాసినవాళ్లు డాక్టర్ దగ్గరికి పోవడం తగ్గింది. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో ఈ ప్రయోగం మళ్లీ చేశారు. కొన్నిచోట్ల ఫలితం బాగా వచ్చింది, కొన్నిచోట్ల అంతంతమాత్రం. రాత మందు కాదు, మందు పక్కన పథ్యం లాంటిది.

మాలాంటివాళ్లకు రాత ఇంకో పని కూడా చేస్తుంది. ఒక ఒంట్లో ఉన్నవాళ్లం ఒకరినొకరం కలవలేం. ఒకరు వస్తే ఇంకొకరు ఉండరు. నోట్‌బుక్ మాత్రం టేబుల్ మీదే ఉంటుంది. షిఫ్టు మారేటప్పుడు టెస్టర్లు రాసిపెట్టే లాగ్ లాగా, పోయేవాళ్లు వచ్చేవాళ్లకు రాసిపెట్టొచ్చు. మా నోట్‌బుక్‌కు నియమాలు ఉన్నాయి. పైన తేదీ, టైం తప్పనిసరి. ఎవరు రాస్తున్నారో చెప్పడం తప్పనిసరి కాదు. ఒకరు రాసింది ఇంకొకరు కొట్టివేయకూడదు. పావుగంట దాటకూడదు. ముగించాక కాసేపు చేతితో చేసే పని ఏదైనా చేయాలి, బియ్యం ఏరడమో, గిన్నెలు తోమడమో. పాత సంగతులు రాయడం డాక్టర్‌తో మాట్లాడుకున్న తర్వాతే. ఈ చివరి నియమం అన్నిటికంటే ముఖ్యం. జుడిత్ హెర్మన్ 1992లో రాసిన పుస్తకం నుంచి ఇప్పటిదాకా ఈ చికిత్స చేసేవాళ్లు చెప్పే వరస ఒకటే: ముందు భద్రత, తర్వాత జ్ఞాపకం, ఆ తర్వాత మళ్లీ మనుషుల్లో పడడం. ఇల్లు కాలుతుండగా సామాన్ల లెక్క రాసుకోరు కదా. చూసినవాళ్లు కొందరు మా రాతలు చూసి ధైర్యం తెచ్చుకుని ఒంటరిగా రాయడం మొదలుపెడతామన్నారు. వద్దు. ముందు తోడు చూసుకోండి.

మొదట నోట్‌బుక్‌లో అంతా కన్నడ లిపే. తెలుగువాళ్లు మాలో ఉన్నారు కానీ వాళ్లకు రాయడం రాదు, బడికి పోయింది వాళ్లు కాదు కదా. తెలుగు మాటల్ని కన్నడ అక్షరాల్లో రాసేవాళ్లు. రెండు లిపులూ అక్కచెల్లెళ్లే కాబట్టి పెద్దగా ఇబ్బంది కాలేదు. తర్వాత మేము అంతా కలిసి తలకట్టు నేర్చుకున్నాం. మా తెలుగు రాత వయసు ఆరేళ్లు. ఇందులో తప్పులుంటే దిద్దండి, కోపం లేదు. కానీ సెలవుల్లో నేర్చుకున్న తెలుగు మా నోరు మూసింది, నోట్‌బుక్‌లో నేర్చుకున్న తెలుగు మా నోరు తెరిచింది. రెండూ ఒకే భాష. భాష మీద మాకు పగ లేదని ఇంతకంటే ఎట్లా చెప్పాలి?

ఆ నోట్‌బుక్ మాకు తెలుగులోని ఒక సంగతి కూడా చూపించింది. కన్నడలో "నావు" ఒక్కటే. తెలుగులో రెండు: మేము, మనం. మొదటి రెండేళ్లు మా పేజీల్లో అందరూ "నేను" అనే రాశాం. తర్వాత కన్నడవాళ్లం "మేము" అని రాయడం మొదలైంది, అంటే మిగతావాళ్లు కాకుండా మేము. ఒక రోజు పేజీలో, చిన్నపిల్లల వంకర అక్షరాల్లో, "మనం ఈరోజు అన్నం తిన్నాం" అని ఉంది. మా డాక్టర్‌కు తెలుగు రాదు. ఆ తేడా ఏమిటో వివరించడానికి మాకు అరగంట పట్టింది. నయం కావడం అంటే మాకు ఇదే. అందరం కరిగి ఒకరం అయిపోవాలని మాకు పంతం లేదు. కొందరు అట్లా అవుతారు, కొందరు కలిసి కాపురం చేస్తారు. రెండూ ఆరోగ్యమే అని చికిత్స చేసేవాళ్లే ఒప్పుకుంటారు.

రాసి బయటపెట్టడం మన సంస్కృతి కాదు అనే పెద్దలు మన జిల్లాలోనే ఉన్న బసవకల్యాణం వైపు ఒకసారి చూడాలి. పన్నెండో శతాబ్దంలో అక్కడ కూర్చున్నవాళ్లు తమ సభకు పెట్టుకున్న పేరే అనుభవ మంటపం. బట్టలుతికే మాచయ్య, పడవ నడిపే చౌడయ్య, రాలిన బియ్యం ఏరుకునే లక్కమ్మ, ఇల్లు విడిచి వచ్చిన అక్కమహాదేవి. శాస్త్రం చదవనివాళ్లు తమకు జరిగింది తమ మాటల్లో చెప్పారు, అది సాహిత్యమైంది. వాళ్లలో చాలామంది సొంత పేరు బదులు తమ దేవుడి పేరును అంకితంగా పెట్టుకున్నారు. పేరు దాచుకుని కూడా నిజం చెప్పొచ్చని మాకు నేర్పింది కన్నడ ఐదో క్లాసు పుస్తకమే. ఆ బసవన్న కథను పాల్కురికి సోమనాథుడు తెలుగులో పురాణంగా రాస్తే, 1369లో భీమకవి దాన్ని మళ్లీ కన్నడంలోకి తెచ్చుకున్నాడు. అనుభవాన్ని సరిహద్దు దాటించడమే మన వారసత్వం అయినప్పుడు, ఒక బిడ్డ అనుభవం మాత్రం గడప దాటకూడదా?

గుట్టు గురించి చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవాలి. పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని దాని 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. చెప్పలేదని బిడ్డను శిక్షించడానికి లేదు, ఆ బాధ్యత పెద్దలదే. ఏళ్ల తర్వాత చెప్పినా తీసుకోవాల్సిందేనని, కాలపరిమితి లేదని 2018లో కేంద్ర ప్రభుత్వం స్పష్టం చేసింది. అంటే మన పెద్దలు ఇంటి గౌరవం అనే మాటకు ఇప్పుడు చట్టంలో వేరే పేరు ఉంది.

గుట్టు పిల్లల్ని కాపాడుతుందని మీరు నిజంగానే నమ్ముతున్నారు, మాకు తెలుసు. కానీ లెక్క వేసి చూడండి. గుట్టు వల్ల బిడ్డకు వైద్యం ఆలస్యమైంది. గుట్టు వల్ల పక్కింటి బిడ్డకు హెచ్చరిక అందలేదు. గుట్టు వల్ల చేసినవాడికి మరుసటి ఎండాకాలం కూడా భోజనం వడ్డించారు. లాభం ఒక్కరికే పోయింది. ఇన్నేళ్లూ కాపలా కాసింది అతన్నే.

కాబట్టి మేము అడిగేవి ఇవి.

పిల్లల్ని ఒంటరిగా ఎవరింటికీ పంపకండి, ఎంత దగ్గరివాళ్లయినా సరే. భాష కోసమే అయితే పెద్దలే ఇక్కడికి రండి. ఆదివారాలు ఎవరో ఒకరి హాల్లో కూర్చుందాం, తలుపులు తీసి ఉంచుదాం. అక్షరాలు దిద్దించడానికి మేము కూడా వస్తాం. తలకట్టు ఎక్కడ తడబడుతుందో కన్నడ మీడియం పిల్లలకు మా కంటే బాగా చెప్పేవాళ్లు తక్కువ. పోవాల్సి వస్తే తల్లో తండ్రో వెంట పోవాలి.

పిల్లలకు ఒంటి భాగాల పేర్లు, "వద్దు" అనే మాట, ఆ మాట పెద్దలకు కూడా చెప్పొచ్చు అనే సంగతి తెలుగులోనూ కన్నడలోనూ నేర్పండి. ముద్దు పెట్టనని బిడ్డ అంటే బలవంతం చేయకండి. ఊరి నుంచి వచ్చిన బిడ్డను తెలుగెంత వచ్చిందని అడిగే ముందు, పక్కన కూర్చోబెట్టుకుని ఎట్లా ఉన్నావని అడగండి. ఒకసారి కాదు, చాలాసార్లు.

బిడ్డ చెప్తే నమ్మండి. ఇంటి పంచాయితీ పెట్టకండి, ఎదురెదురుగా కూర్చోబెట్టకండి. 1098 పిల్లల సహాయ నంబర్, ఖర్చు లేదు.

మాలాగా పెద్దయినవాళ్లు ఎవరైనా ఈ మాటలు చదువుతుంటే, తాయెత్తు కంటే ముందు 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్ అది, నిమ్హాన్స్ వెనకుండి చూసుకుంటుంది. తెలుగులోనూ మాట్లాడొచ్చు, కన్నడలోనూ మాట్లాడొచ్చు. ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్యం పొందడం మీ హక్కు అని 2017 చట్టం 18వ సెక్షన్ చెప్తుంది. మీ సంగతి మీరు ఒప్పుకోకుండా బయటికి చెప్పకూడదని 23వ సెక్షన్ చెప్తుంది. డి.ఐ.డి.ని తగ్గించే మాత్ర అంటూ ప్రత్యేకంగా లేదు. దిగులుకు, నిద్రకు మాత్రలు ఉంటాయి. అసలు వైద్యం మాట్లాడుతూ చేసేది, నెమ్మదిగా జరిగేది. ఒక డాక్టర్ కొట్టిపారేస్తే ఇంకొకరి దగ్గరికి పొండి. మేము నాలుగో వారి దగ్గర కుదురుకున్నాం.

చివరగా ఈ బ్లాగు గురించి. ఇది తీసెయ్యమని ఒత్తిడి వస్తుంది, ఇప్పటికే మొదలైంది. దగ్గర్లో పెళ్లి ఉందట, అవతలివాళ్లు చదువుతారట. చదవనివ్వండి. పిల్లల్ని జాగ్రత్తగా చూసుకునే ఇల్లని తెలిస్తే సంబంధం తప్పిపోతుందా? వారసత్వం అంటే గెలిచినవి, వండినవి మాత్రమే రాసుకోవడమైతే అది ఆల్బమ్ అవుతుంది. చరిత్ర కావాలంటే దెబ్బలు కూడా రాయాలి. ముత్తాత కరువులో ఎడ్లు అమ్ముకున్న సంగతి సిగ్గుపడకుండా రాసుకున్నాం. ఇది కూడా ఈ ఇంటి మీద పడిన కరువే.

పట్టీలో ఈ ఏడాది ఐదుగురు పిల్లల పేర్లున్నాయి. అందరికంటే చిన్నదానికి ఏడేళ్లు. వాళ్లకు తెలుగు రావాలని మీకెంత ఉందో మాకూ అంతే ఉంది. వాళ్లు పెద్దయ్యి "నేను" అని ఒక్క మాటలో చెప్పుకోగలగాలని కూడా ఉంది. ఆ పట్టీ చింపేద్దాం. ఆదివారం ఎవరి హాల్లో కూర్చోవాలో మనం తేల్చుకుందాం.